ఉప్పలయ్య తోక

ఒక పెద్ద అడవిలో జంతువులన్నీ చదువుకున్నవే. వచ్చిన చిక్కల్లా అదే. చదువు లేని అడవుల్లో పులి దుప్పిని తినేస్తుంది, గొడవ అక్కడితో తీరిపోతుంది. ఇక్కడ పులి దుప్పి మెడ పట్టుకోబోతూ, "నిన్న నువ్వు ఆ నవల గురించి ఏమన్నావ్?" అని అడిగేది. దుప్పి జవాబు చెప్పేది. పొద్దుగూకేదాకా వాదించుకుని ఇద్దరూ ఆకలితో ఇళ్ళకు పోయేవాళ్ళు.

ఆ అడవిలో అనసూయమ్మ అనే అలుగు ఉండేది. ఒంటినిండా పెంకులే గాని లోపల మనసు వెన్న. ఎవరైనా గొంతు పెంచారంటే చాలు, ఆవిడ చుట్టుకుపోయి బంతిలా అయిపోయేది. అలాంటివాళ్ళే నవలలు రాస్తారు. ఆవిడ రాసింది మాత్రం మామూలు నవల కాదు. పచ్చి కల్పన. మనిషి అనే జీవి గురించి.

ఆ అడవిలో మనిషిని చూసినవాళ్ళు లేరు. అలాంటిది ఒకటి ఉంటుందని కూడా ఎవరూ నమ్మరు. రెండు కాళ్ళ మీద నడుస్తుందట. ఒంటిమీద బొచ్చు లేక ఇంకెవరి బొచ్చో కప్పుకుంటుందట. కడుపు నిండాక కూడా తిండి వెతుక్కుంటూనే ఉంటుందట. "ఊహకైనా ఒక హద్దుండాలమ్మా!" అని పెద్దలు విసుక్కున్నారు. పిల్లలు మాత్రం ఎగబడి చదివారు.

నవల పేరు 'తోకలేనివాడు'. అందులో మనిషి పేరు ఉప్పలయ్య. మూడు భాగాల పొడుగునా ఉప్పలయ్య వాగులూ కొండలూ దాటి, దెబ్బలు తిని, దారి తప్పి, చివరికి వానలో తడుస్తూ ఒక మూసిన తలుపు ముందు నిలబడతాడు. అక్కడితో మూడో భాగం అయిపోయింది. అడవిలో తలుపులు ఉండవు గనుక తలుపంటే ఏమిటో ఎవరికీ తెలియదు. అదొక రకం చెట్టని కొందరు, నిలబడి నిద్రపోయే గేదె అని కొందరు రెండు జట్లుగా చీలిపోయారు.

తలుపు అవతల ఏముందో నాలుగో భాగంలో ఉంది. అనసూయమ్మ దాన్ని ఎప్పుడో రాసి పెట్టుకుంది. అచ్చు వెయ్యాల్సింది ముంగిస ముత్యాలరావు. అతను వెయ్యలేదు. "ముందు పాతవి చెల్లనివ్వండి" అంటూ వాయిదాలు వేస్తూ వచ్చాడు. ఆవిడకు వయసు మీద పడింది, పెంకులు ఒక్కొక్కటీ రాలిపోతున్నాయి. ఉప్పలయ్యను అలా తలుపు ముందే వదిలేసి తాను పోతానేమోనన్నదే ఆవిడ దిగులు. "వెర్రినాగన్న, ఇన్నేళ్ళుగా వానలో నిలబడే ఉన్నాడు" అనుకుని ఒక్కోసారి కళ్ళనీళ్ళు పెట్టుకునేది.

ఇక తోక సంగతి. నవల మొదటిసారి అచ్చయినప్పుడు అట్టమీద బొమ్మ వేసింది కొండముచ్చు కోదండం. అతనికి చెయ్యి తిరిగినంతగా పుస్తకం పేజీ తిరిగేది కాదు. ఒక్క ముక్క చదవకుండానే ఉప్పలయ్య బొమ్మ గీసి, వెనకాల బారెడు తోక తగిలించి, చివర కుచ్చు కూడా పెట్టాడు.

"కోదండం గారూ, నవల పేరే 'తోకలేనివాడు' కదండీ?" అని అనసూయమ్మ భయపడుతూనే అడిగింది.

"ఆ పేరు చూసే కదమ్మా, జాలేసి పెట్టాను" అన్నాడు కోదండం.

జాలిపడిన వాడితో ఏం పోట్లాడతారు? పుస్తకం ఆ తోకతోనే అడవంతా పాకింది. చదివిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. చదివింది మరిచిపోయారు. తోక మాత్రం గుర్తుంది.

ఇలా ఉండగా ఒకనాడు ముత్యాలరావు తనంతట తానే అనసూయమ్మ బొరియకు వచ్చాడు. పిలవకుండా ప్రచురణకర్త ఇంటికి వచ్చాడంటే ఏదో ఉందన్నమాటే.

"అమ్మగారూ, మూడు భాగాలూ కొత్త అట్టలతో మళ్ళీ వేస్తున్నాను. అవి చెల్లిపోయిన మర్నాడే నాలుగోది అచ్చుకు ఎక్కిస్తాను. ఇది ముంగిస మాట."

అనసూయమ్మకు ప్రాణం లేచి వచ్చింది. "లోపల ఏమైనా దిద్దమంటారా బాబూ?"

"లోపల ఎవరు చూడొచ్చారండీ?" అనేసి ముత్యాలరావు నాలిక కరుచుకున్నాడు. "అంటే, లోపలంతా బంగారమే కదా, దిద్దడానికేముంది అని."

"అయితే ఒక్క కోరిక. ఈసారైనా ఆ తోక తీయించండి."

"తీసేద్దాం. అంత రంగూ కలిసొస్తుంది."

బొమ్మ వెయ్యడానికి పాలపిట్ట పావనిని పెట్టాడు. కుర్రది, కొత్తది, అడిగినంతలో చేస్తుందని పెట్టాడు గాని, పావనికి ఒక దురలవాటు ఉంది. బొమ్మ వేసేముందు పుస్తకం చదువుతుంది. మూడు భాగాలూ చదివింది. చదివి, వానలో తడిసి ముద్దయి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచి, తలుపు తట్టాలా వద్దా అని తడబడుతున్న ఉప్పలయ్యను వేసింది. తోక లేదు.

ఆ బొమ్మ చూసి అనసూయమ్మ "వీడే తల్లీ, వీడే మా ఉప్పలయ్య" అని పావని రెక్క నిమిరింది. ఆ రోజు ఆవిడ కడుపారా చెదపురుగులు తిని హాయిగా నిద్రపోయింది.

కొత్త పుస్తకాలు బయటికి వచ్చాయో లేదో, అడవి అడవంతా తోక తొక్కిన తాచులా లేచింది.

చదవడం మానేశాక ఆ అడవిలో పుస్తకాభిమానులకు ఒక ఆచారం పట్టుబడింది. కొన్న పుస్తకాన్ని టేకాకులో చుట్టి, నారతో బిగించి కట్టి, అట్ట కనబడేలా ఆకుకు కంత పెట్టి గుహలో ఎత్తైన చోట ఉంచుతారు. అతిథులు వస్తే దూరం నుంచి చూపిస్తారు. ఆకు విప్పితే పుస్తకం మైలపడ్డట్టే. కాబట్టి వాళ్ళకు పుస్తకమంటే ఆ కంతలోంచి కనబడే మేర మాత్రమే. అందులోంచి ఇన్నాళ్ళూ కనబడింది తోక. ఇప్పుడు అది లేదు.

జంతువులన్నీ ఉప్పుమట్టి నాకడానికి చేరే మైదానంలో సభ పెట్టారు. అధ్యక్షుడు ఎలుగుబంటి ఎల్లమంద. 'తోకలేనివాడు' అభిమాన సంఘాన్ని స్థాపించింది అతనే. మనిషి మంచివాడు, కాదు, జంతువు మంచివాడు. ఆవేశం వస్తే మాత్రం పక్కన చెట్టుంటే చెట్టుకే ముప్పు.

"సోదరులారా! నా చిన్నప్పుడు మా అమ్మ నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని ఈ పుస్తకం చూపించింది. ఆ తోక పట్టుకునే నేను నిద్రపోయాను. ఆ తోక పట్టుకునే పెరిగాను. ఇవాళ ఆ తోక కోసేశారు! ఇది ఉప్పలయ్య తోక కాదు, మన బాల్యం తోక!"

"కోసేశారు! కోసేశారు!" అని కుందేళ్ళు అందుకున్నాయి. వాటికి ఎవరు ఏమన్నా రెండుసార్లు అనడం అలవాటు.

విమర్శకుడు గుడ్లగూబ గంగాధరం గొంతు సవరించుకున్నాడు. "ఇందులో లోతైన విషయం ఉంది. పేరులో తోక లేదు, బొమ్మలో ఉంది. అంటే ఏమిటి? ఉన్న తోక లేని తోకను సూచిస్తోంది. ఈ సూక్ష్మం తెలియని అజ్ఞానులు తోక తీసేశారు."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అందుకే అందరూ చప్పట్లు కొట్టారు.

అప్పుడు జనాన్ని తప్పించుకుంటూ అనసూయమ్మ ముందుకు వచ్చింది. ఇది నా పుస్తకం గొడవ, నాలుగు ముక్కలు చెబితే తీరిపోతుందని పిచ్చితల్లి ఆశ. చేతిలో మొదటి భాగం తెరిచి పట్టుకుంది. తెరిచిన పుస్తకం చూసి ముందు వరసవాళ్ళు సిగ్గుతో మొహాలు తిప్పుకున్నారు.

"నాయనలారా, మొదటి పేజీలో మొదటి వాక్యం చదువుతాను. 'ఉప్పలయ్యకు తోక లేదు.' అదీ సంగతి."

ఎల్లమంద చేతులు జోడించాడు.

"అమ్మా, మీరంటే మాకు ప్రాణం. కానీ ఒక మాట. మీరు ఈ పుస్తకాన్ని ఒక్కసారి రాసి ఊరుకున్నారు. మేము చిన్ననాటి నుంచీ ప్రేమిస్తున్నాం. ఎవరికి బాగా తెలుస్తుంది చెప్పండి?"

"పుస్తకం విషయంలో రాసినవారి సాక్ష్యం చెల్లదు" అన్నాడు గంగాధరం. "వారికి స్వార్థం ఉంటుంది."

"అసలు ఈవిడ అనసూయమ్మేనా?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. "అనసూయమ్మ అయితే ఇంత మాట అంటుందా?"

అనసూయమ్మ అవమానంతో అక్కడికక్కడే చుట్టుకుని బంతి అయిపోయింది. ఎంత బతిమాలినా విప్పుకోలేదు. చేసేది లేక సంఘం సభ్యులు ఆవిడను ఎంతో గౌరవంగా దొర్లించుకుంటూ వెళ్ళి బొరియ దగ్గర దిగబెట్టారు.

రెండు రోజులు పోయాక ముత్యాలరావు మీసాలు దువ్వుకుంటూ వచ్చాడు. "గొడవ దివ్యంగా జరుగుతోందండీ!"

"నన్ను దొర్లించారు బాబూ."

"విన్నాను, ఆ దెబ్బకు ఇంకొన్ని అమ్ముడుపోయాయి. కొత్త అట్ట పుస్తకాన్ని వాగులో ముంచి నిరసన తెలపమని సంఘం తీర్మానించింది. ముంచాలంటే ముందు కొనాలి కదా! అది చూసి నేను పాత తోక అట్ట మళ్ళీ దించాను. తోకది దాచుకోవడానికి ఒకటి, దాచుకున్నది చెడిపోతుందేమోనని ఇంకొకటి కొంటున్నారు. మూడు భాగాలూ ఒక్కటి మిగల్లేదు."

"అయితే నాలుగోది వేస్తారా?"

ముత్యాలరావు నేలచూపులు చూశాడు. "వేస్తాను. కాకపోతే సంఘంవారు చిన్న షరతు పెట్టారు. నాలుగో భాగంలో ఉప్పలయ్యకు తోక మొలవాలి."

"మొలవదు."

"పొడుగుది అక్కర్లేదండీ. చిన్నది."

"మొలవదు."

"పోనీ, ఇక మొలుస్తుందేమో అన్నట్టుగా..."

"ముత్యాలరావు గారూ!" అని అనసూయమ్మ అరిచింది. అరవడం ఆవిడకు అలవాటు లేదేమో, అరిచిన తరువాత తనే ఉలిక్కిపడింది.

"మీ ఇష్టం" అని ముంగిస లేచాడు. "తోక ఉంటే వచ్చే పున్నమికి పుస్తకం ఉంటుంది. లేదంటే ఉప్పలయ్య అక్కడే నిలబడతాడు. నాకేం, అతను నా చుట్టమా?"

అతను వెళ్ళాక అనసూయమ్మ మింగలేక కక్కలేక కూచుంది. తోక పెడితే వాడు ఉప్పలయ్య కాడు. పెట్టకపోతే వాడికి తలుపు తెరుచుకోదు. అలా కుమిలిపోతుండగానే పావని వచ్చి వాలింది. పాపం, దారిపొడుగునా కాకులు పొడిచినట్టున్నాయి, రెక్కలో ఈకలు చెదిరిపోయాయి.

"ఇదంతా నా బొమ్మవల్లే వచ్చింది పెద్దమ్మా. నేను చదవకుండా వేసి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు."

ఆ మాటతో అనసూయమ్మకు ఏదో తట్టింది.

"పావనీ, నువ్వు తోక వెయ్యగలవా?"

"పెద్దమ్మా! మీరేనా ఈ మాట అంటున్నది?"

"నేనే. అట్టమీద వేద్దాం. నెమలికి కన్నుకుట్టేంత తోక వెయ్యి. కుచ్చులు, బంగారు చుక్కలు, నీ ఇష్టం. లోపల మాత్రం నా అక్షరం ఒక్కటి కదలదు. ఆకు విప్పేవాడు ఉంటే కదా అడిగేవాడు ఉండటానికి!"

పావని వేసింది. మోదుగపూల రంగుతో, పసుపుతో, అట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా మెలికలు తిరిగిన తోక. దాని కొసన ఎక్కడో ఉప్పలయ్య వేలాడుతున్నట్టు ఉన్నాడు. అనసూయమ్మ అట్టనూ రాతప్రతినీ కలిపి ముత్యాలరావు ముందు పెట్టి, "తోక పెట్టాం, చూసుకోండి" అంది. అతను అట్ట చూశాడు. కళ్ళు జిగేలుమన్నాయి. రాతప్రతిని తూకం చూసినట్టు ఒకసారి ఎత్తి దించి, "బాగుంది, బరువుగానే ఉంది" అన్నాడు.

పున్నమికి నాలుగో భాగం వచ్చింది. టేకుచెట్లకు ఆకు మిగల్లేదు. గంగాధరం సమీక్ష రాస్తూ, తోక మొలిచే ఘట్టం చదువుతుంటే ఒళ్ళు పులకరించిందని, ముందు భాగాలకన్నా ఇదే లోతైనదని తేల్చేశాడు. ఎల్లమంద అయితే పుస్తకాన్ని తలమీద పెట్టుకుని అడవంతా ఊరేగించాడు.

అచ్చు కోరిక తీరింది గదా, అనసూయమ్మ సంతోషించాలి. నాలుగు రోజులు సంతోషించింది కూడా. ఐదో రోజు ఎల్లమంద ఎదురుపడితే ఉండబట్టలేక అడిగేసింది.

"ఎలా ఉంది నాయనా నాలుగో భాగం?"

"అద్భుతం అమ్మా! కన్నీళ్ళు ఆగలేదు."

"తలుపు అవతల ఏముందో చూశావా మరి?"

ఎల్లమంద నీళ్ళు నమిలాడు. "చూశాను... కానీ చెప్పకూడదమ్మా. చదవనివాళ్ళకు మజా పోతుంది."

అతను ఆకు విప్పనే లేదని ఆవిడకు తెలిసిపోయింది. ఇన్నాళ్ళూ ఉప్పలయ్య ఒక్కడే తలుపు ముందు నిలబడ్డాడు. ఇప్పుడు తలుపుతో సహా వాడిని టేకాకులో చుట్టి నారతో బిగించి కట్టేశారు, అదీ తన తెలివితేటలవల్లే. అంతకన్నా వానలో ఉండటమే నయం అనిపించి కుళ్ళి కుళ్ళి ఏడ్చింది.

సంఘంవారికి ఇవేమీ పట్టలేదు. వాళ్ళు అట్టల జాతర తలపెట్టారు. నాలుగు భాగాలూ ఎవరివి వాళ్ళు తెచ్చి, మైదానంలో బండల మీద వరసగా పేర్చి, ఎవరి తోక నిగనిగలాడుతోందో పోల్చి చూసుకోవడం, అదీ పండుగ. ముత్యాలరావు అక్కడికి ఇంకో రంగు తోకల అట్టలు మోసుకొచ్చాడు. గంగాధరం ప్రసంగం మొదలుపెట్టాడు. అది ఎంతకూ తెగకపోయేసరికి ఆకాశానికే విసుగుపుట్టినట్టు, కాలం కాని కాలంలో కుండపోత మొదలైంది.

జంతువులన్నీ ఎక్కడివక్కడ పరుగెత్తి దాక్కున్నాయి. వాన వెలిశాక వచ్చి చూస్తే బండల మీద అట్టలు లేవు. ముత్యాలరావు తొందరలో తుమ్మబంకలో నీళ్ళు కలిపి అంటించాడు కాబోలు, అట్టకు అట్టే ఊడి కొట్టుకుపోయింది. ఆకులు చినిగిపోయాయి. మైదానంలో వాగులు కట్టిన నీళ్ళన్నీ తోకరంగులో ఎర్రగా పారుతున్నాయి. పుస్తకాలు మాత్రం ఒలిచిన పళ్ళలా మిగిలాయి.

"ఎండబెట్టండి, ఎండబెట్టండి!" అని కుందేళ్ళు గోల పెట్టాయి. తడిసిన పుస్తకాన్ని ఎండబెట్టాలంటే మూసి ఉంచితే లాభం లేదు. పేజీకి పేజీ అంటుకుపోతుంది. ఒక్కొక్క పేజీ విడదీసి, ఆరేదాకా పట్టుకుని, తరువాతది తిప్పాలి. ఆచారం అడ్డొచ్చింది గాని, ఎల్లమంద తెగించి ఏడుస్తూనే మొదటి పేజీ పట్టుకున్నాడు. మిగతావాళ్ళూ పట్టుకున్నారు. ఆరేదాకా కళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? పేజీ మీదే పెట్టుకున్నారు.

అడవిలో చప్పుడు ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఎన్నడూ ఎరగని అనసూయమ్మ ఏ పులో పోయిందేమోనని కంగారుపడి వచ్చింది. మైదానం అంచున నిలబడిపోయింది. ఏ బండ మీద చూసినా ఎవరో ఒకరు తలవంచుకుని పేజీ పట్టుకుని ఉన్నారు. దుప్పి ఒకటి కళ్ళు తుడుచుకుంటోంది. ఆ పక్కనే పులి, ఒళ్ళో రెండో భాగం. ఒకరినొకరు చూసుకోవడం లేదు. ఆవిడ అక్కడే, ఎవరికీ అడ్డం రాకుండా, పొద్దు వాలేదాకా అలాగే ఉండిపోయింది.

ఆ తరువాత రేగింది అసలు గొడవ.

"అమ్మా!" అని ఎల్లమంద నాలుగో భాగం ఊపుకుంటూ ఉరికి వచ్చాడు. "ఇదేం న్యాయం అమ్మా? ఇన్నేళ్ళు ఎదురుచూశాం. తలుపు తెరిస్తే లోపల వాళ్ళమ్మ ఉందా? 'తడిశావేంరా' అని తల తుడిచిందా? కంచంలో అన్నం పెడితే తిని పడుకున్నాడా? అంతేనా? కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది!"

"మధ్యలో మమ్మల్నెందుకు లాగుతారండీ?" అంది అక్కడే పేజీ ఆరబెడుతున్న ఎలుక.

"అంతే మరి! ఇంకేం కావాలి?" అని దుప్పి లేచింది. "అన్ని దేశాలూ తిరిగినవాడికి అమ్మ తల తుడవడం నీకు తక్కువగా కనబడిందా?"

"తుడిస్తే తుడిచింది, ఇన్నేళ్ళూ ఎక్కడున్నావని అడగద్దా?" అంది పులి. "నేనైతే నాలుగు తగిలించేదాన్ని."

"నేను చదివిన నాలుగో భాగంలో ఇలా లేదే" అని గంగాధరం గొణిగాడు. అతని మాట వినడానికి ఎవరికీ తీరిక లేదు.

"తోక సంగతేమిటి ఎల్లమందా?" అని అనసూయమ్మ మెల్లగా అడిగింది.

"తోక పోతే పోయిందమ్మా!" అని ఎలుగుబంటి గర్జించాడు. "ముందు ఇది చెప్పండి. అంత బురదలో నడిచి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా ఎలా పడుకున్నాడు? ఏ పేజీలోనూ కడుక్కోలేదు. నేను రెండుసార్లు చూశాను!"

చుట్టూ అందరూ ఆవిడ మీదికి గొంతులు పెంచి అరుస్తున్నారు. అనసూయమ్మ చుట్టుకుపోలేదు. నడుం మీద చెయ్యి పెట్టుకుని, "అంత దూరం నుంచి వచ్చిన పిల్లాడయ్యా! నిద్ర ముంచుకొస్తే కాళ్ళు గుర్తుంటాయా? వాళ్ళమ్మ నిద్రలోనే కడిగింది, అది నేను రాయలేదు!" అని అందరికన్నా పెద్దగా అరిచింది. "మరి రాయొద్దూ?" అని అడవంతా ఏకమై ఆవిడ మీద విరుచుకుపడింది. ఆ తిట్లు తింటుంటే ఆవిడకు జన్మ ధన్యమైపోయినట్టు ఆనందం పొంగింది. ఉప్పలయ్య ఇల్లు చేరాడు.

నష్టపోయింది ముత్యాలరావు ఒక్కడే. మర్నాడు కొత్త తోకల అట్టలతో దుకాణం తెరిస్తే, వచ్చిన ప్రతి జంతువూ "అట్ట తరువాత చూద్దాం, ముందు లోపల చూపించు" అంటోంది. నిలబడి సగం పుస్తకం చదివేసి, నచ్చలేదని పెదవి విరిచి పోతోంది. జీవితంలో మొదటిసారి అతను కూడా ఒక పుస్తకం తెరిచి, అందులో ఏముందో అని భయం భయంగా తొంగిచూడాల్సి వచ్చింది.

ఇందువల్ల గ్రహించవలసింది ఏమంటే, అభిమానులు కావాలనుకుంటే అట్ట అందంగా వెయ్యాలి, పాఠకులు కావాలనుకుంటే దాన్ని ఊడిపోయేలా అంటించాలి.